కారణం చెప్పలేని అయిష్టం: మీ మామగారిని ‘ఎందుకు’ అని అడగడం ఆపి చూడండి

మీరు అడిగింది ఇది. బెంగళూరు రామమూర్తినగర్‌లో మీతోపాటు ఉంటున్న మీ మామగారు, అనంతపురంలో ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన మనిషి, ఒక అభ్యర్థి పేరు వినగానే మొహం తిప్పుకుంటారు. ఎందుకని అడిగితే "ఏమో, ఆయనంటే గిట్టదు" అంటారు. మీరు ఆ అభ్యర్థి చేసిన పనులన్నీ వరసగా చెబుతారు. ఆయన మాట్లాడకుండా లేచి వెళ్లిపోతారు. చదువుకున్న మనిషే కారణం చెప్పలేకపోతే ఆ ఓటుకు విలువేముంది, ఆయన మనసు మార్చడం ఎలా అన్నది మీ సందేహం.

నేను బెంగళూరులో ఎన్నికల సర్వేల పనిలో చాలా కాలంగా ఉన్నాను. మొదట ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగేవాణ్ణి, ఇప్పుడు అడిగేవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. కె.ఆర్.పురం, మారతహళ్లి, బొమ్మనహళ్లి వైపు తెలుగిళ్లకు తెలుగు వచ్చినవాళ్లనే పంపుతాం కాబట్టి, మీ మామగారి లాంటి జవాబులు నా చేతికి లెక్కలేనన్ని వచ్చాయి. కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఆ మాట వినగానే ట్యాబులో ‘చెప్పలేను’ అన్న గడి నొక్కి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. శిక్షణలో నేను ఎక్కువ సమయం ఖర్చుపెట్టేది ఆ ఒక్క గడి మీదే. ఆ గడిలో పడిన మనుషుల్లో చాలామందికి కారణం ఉంటుంది. దాన్ని బయటికి తెచ్చే ప్రశ్న మనకు తెలిసి ఉండాలి.

ముందు మీ ప్రశ్నలో ఉన్న ఒక చిక్కు విడదీయాలి. కారణం చెప్పలేకపోయినంత మాత్రాన కారణం లేనట్టు కాదు. అలాగే, నోటితో చెప్పిన కారణమే అసలు కారణం అని కూడా అనుకోవడానికి వీల్లేదు. మీరు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నారు. అందుకే, గడగడా కారణాలు చెప్పే మీరు తెలివైన ఓటరు, చెప్పలేని మీ మామగారు గుడ్డి ఓటరు అన్నట్టుగా మీ ప్రశ్న తయారైంది. నేను అలా అనుకోను.

మనిషి ఒక నాయకుడి గురించి అభిప్రాయం ఎలా కూడబెట్టుకుంటాడో చూడండి. అమెరికాలో మిల్టన్ లాడ్జ్ అనే రాజనీతి శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1989లో దీని మీద ఒక ముఖ్యమైన పరిశోధన ప్రచురించారు. వాళ్లు చెప్పింది స్థూలంగా ఇది: అభ్యర్థి గురించి ఒక సంగతి చెవిన పడగానే మనం అక్కడికక్కడే మంచో చెడో అనుకుని మనసులో ఉన్న మొత్తానికి కలిపేస్తాం. ఆ తర్వాత ఆ సంగతి మరిచిపోతాం. మొత్తం మాత్రం ఉండిపోతుంది. కిరాణా కొట్టు ఖాతాలో చివరి బాకీ అంకె గుర్తుండి, ఏ రోజు ఏ సరుకు తెచ్చామో గుర్తులేకపోవడం లాంటిది ఇది. మీ మామగారిని మీరు అడుగుతున్నది సరుకుల పట్టీ. ఆయన దగ్గర ఉన్నది అంకె.

ఇది ఊహ కాదనడానికి నాకు బాగా నచ్చిన రుజువు మతిమరుపు రోగుల నుంచి వచ్చింది. జెనీవాలో ఎడ్వార్డ్ క్లాపరేడ్ అనే వైద్యుడు 1911లో ఒక రోగి గురించి రాశాడు. ఆమెకు కొత్తగా జరిగిందేదీ గుర్తుండదు. రోజూ చూసే డాక్టరునే రోజూ కొత్తగా పరిచయం చేసుకునేది. ఒకరోజు ఆయన గుండుసూది వేళ్ల మధ్య దాచుకుని కరచాలనం చేశాడు. మరుసటి రోజు చెయ్యి చాపితే ఆమె చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎందుకంటే చెప్పలేకపోయింది. సూది గుచ్చుకున్న సంగతి ఆమెకు గుర్తే లేదు. చేతికి మాత్రం జాగ్రత్త తెలిసింది. ఈ రోజుల్లో ఎవరూ అలాంటి ప్రయోగం చేయనివ్వరు, చేయకూడదు కూడా. అయినా అది నేర్పిన పాఠం నేర్పింది.

నేరుగా ఓటుకు సంబంధించిన పరిశోధన ఇంకొకటి ఉంది. జేసన్ కొరొనెల్, ఆయన బృందం 2012లో ప్రచురించారు. మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిని కొత్త విషయాలు గుర్తుండని రోగులకు కొందరు కల్పిత అభ్యర్థుల వైఖరులు వినిపించి, తర్వాత ఓటు వేయమన్నారు. ఎవరు ఏ విషయంలో ఏమన్నారో వాళ్లకు గుర్తులేదు. అయినా వాళ్ల ఓట్లు తమ అభిప్రాయాలకు దగ్గరగా ఉన్న అభ్యర్థుల వైపే పడ్డాయి. విన్నది మరిచిపోయినా, విన్నప్పుడు వేసుకున్న లెక్క మిగిలింది. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న మనిషికే ఇది సాధ్యమైనప్పుడు, జీవితమంతా పేపరు చదివిన ఉపాధ్యాయుడికి సాధ్యం కాదని మనం ఎలా అంటాం?

ఇక గడగడా చెప్పే కారణాల సంగతి. స్వీడన్‌లో 2010 సాధారణ ఎన్నికలకు ముందు లార్స్ హాల్, పెట్టర్ యోహాన్సన్ బృందం రోడ్డు మీద ఓటర్లను ఆపి, రాజకీయ ప్రశ్నల కాగితం నింపించారు. నింపాక, వాళ్లకు తెలియకుండా చేతివాటంతో కొన్ని జవాబులను తలకిందులు చేసి తిరిగి చూపించి, ఇలా ఎందుకు రాశారని అడిగారు. మార్చిన జవాబుల్లో జనం పట్టుకున్నవి 22 శాతానికి మించలేదు. మిగిలినవాటికి, తాము ఇవ్వని జవాబులకు, తడుముకోకుండా కారణాలు చెప్పారు. చివరికి ఆ తారుమారైన మొత్తం ఫలితాన్ని 92 శాతం మంది తమదేనని ఒప్పుకున్నారు. ఈ ఫలితాలు 2013లో వచ్చాయి. అప్పటి నుంచి ‘కారణాలు చెప్పగలవాడే ఆలోచించి ఓటేసేవాడు’ అన్న మాట నా దగ్గర ఎవరన్నా నేను ఊరుకోవడం లేదు.

ఒత్తిడి చేసి కారణం అడిగితే ఏమవుతుందో నా పనిలో నిత్యం చూస్తున్నాను. మనిషి తనకు గుర్తొచ్చింది చెప్పడు, చెప్పడానికి వీలుగా ఉన్నది చెబుతాడు. బెంగళూరులో ఆ వీలైన మాట ‘అవినీతి’. రోడ్డు గుంతలకూ అదే, పలకరించలేదన్న కోపానికీ అదే, కులం నచ్చకపోయినా అదే. నేను పరిశీలించిన కాగితాల్లో ఆ ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు కథలు దాక్కున్నాయో చెప్పలేను. టిమొతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో విద్యార్థులకు కొన్ని పోస్టర్లు చూపించి నచ్చింది ఇంటికి తీసుకెళ్లమన్నాడు. అందులో కొందరిని మాత్రం ముందుగా ఇష్టాయిష్టాలకు కారణాలు రాయమన్నాడు. కొన్ని వారాల తర్వాత వాకబు చేస్తే, కారణాలు రాసి ఎంచుకున్నవాళ్లే తమ పోస్టరుతో తక్కువ తృప్తిగా ఉన్నారు. మాటల్లో పెట్టడానికి తేలికైన గుణాలను చూసి ఎంచుకున్నారు, తమకు నిజంగా నచ్చేదాన్ని వదిలేశారు. మీరు రాత్రి భోజనాల దగ్గర మీ మామగారితో చేయిస్తున్నది ఇదే. ఏదో ఒక రోజు ఆయన విసిగి ‘అతను అవినీతిపరుడు’ అనేస్తారు. ఆ రోజు నుంచి ఆ మాటకు కట్టుబడి ఉండాల్సి వస్తుంది. అసలు కారణం మరింత లోపలికి పోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే నా పద్ధతి మొత్తం ఇలాంటి సంభాషణల నుంచే వచ్చింది. 2022 సెప్టెంబరు వానలకు మహదేవపుర, బెళ్లందూరు వైపు కాలనీలు మునిగి, జనాన్ని ట్రాక్టర్లలో తరలించారు కదా. ఆ తర్వాత ఎన్నికల సమయానికి ఆ ప్రాంతంలోని ఒక ఇంట్లో, నెల్లూరు జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక పెద్దావిడ, టికెట్ ఆశిస్తున్న ఒక స్థానిక నాయకుడి పేరు చెప్పగానే "ఆయన వద్దు నాయనా" అన్నారు. ఎందుకంటే "ఏమో, చూడబుద్ధి కాదు" అన్నారు. నేను కారణం వదిలేసి, "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగాను. "నీళ్లొచ్చిన ఏడాది నుంచి" అన్నారు వెంటనే. అప్పుడు మెల్లగా వచ్చింది. ఆ నాయకుడు పాల ప్యాకెట్లు పంచడానికి వచ్చాడు. ఆవిడ చేతికి ఒకటి ఇచ్చాడు. ఫోటో సరిగా రాలేదని పక్కనున్నవాడు అనగానే, ఆ ప్యాకెట్టు తిరిగి తీసుకుని మళ్లీ ఇచ్చాడు. ఇంత జరిగితే ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఆవిడ అన్న మాట నేను ప్రతి శిక్షణలో చెబుతాను: "అది చిన్న సంగతి కదా నాయనా, ఓటుకు కారణమని ఎట్లా చెప్పేది?"

మీ ప్రశ్నకు నా జవాబులో సగం ఆ మాటలోనే ఉంది. జనానికి కారణాలు ఉంటాయి. అయితే ఎన్నికల గురించి చెప్పాల్సిన కారణం పెద్దదిగా ఉండాలని, పేపరులో వచ్చేలా ఉండాలని అనుకుంటారు. ప్రాజెక్టులు, బడ్జెట్లు, కుంభకోణాలు అయితేనే కారణమని మనమే వాళ్లకు నేర్పాం. ఒక మనిషి సాయం చేస్తూ ఎదుటివాళ్ల గౌరవాన్ని ఎలా చూశాడన్నది అభ్యర్థిని అంచనా వేయడానికి చిన్న విషయమేమీ కాదు. అధికారం చేతికి వచ్చాక అతను ఎలా ఉంటాడో దాని నుంచి తెలుసుకోవచ్చు. ఆ పెద్దావిడ తీర్పు నాకు తప్పుగా అనిపించలేదు. తన తీర్పు చెప్పుకోదగ్గది కాదని ఆవిడ అనుకోవడమే నన్ను బాధపెట్టింది.

మీ మామగారి విషయంలో ఇంకొకటి గమనించాలి. ఆయన చెప్పలేకపోతున్నారా, చెప్పదలచుకోలేదా? మీరు ఆయనకు అల్లుడు. మన ఇళ్లలో అల్లుడితో మామగారు రాజకీయాల మీద ఘర్షణ పడరు, అందులోనూ అల్లుడి ఇంట్లో ఉంటున్నప్పుడు అసలు పడరు. ‘ఏమో, గిట్టదు’ అన్నది గొడవ పెంచకుండా మాట ముగించే మర్యాద కూడా కావచ్చు. మా పనిలో వీలైనంతవరకు మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే ప్రశ్నలు అడగమంటాం. కొడుకో కోడలో పక్కనుంటే పెద్దవాళ్ల జవాబులు మారిపోతాయి. మీ భార్య చేత, లేదా పదో తరగతి చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్ల చేత, ఉదయం పార్కుకు నడిచి వెళ్లేటప్పుడు అడిగించి చూడండి. ఒకే మనిషి నుంచి వేరే జవాబు రావచ్చు.

చెప్పదలచుకోని కారణాల్లో అన్నిటికన్నా బరువైనది కులం. దీని గురించి నసగడం నాకిష్టం లేదు. బెంగళూరు వచ్చినా మన తెలుగిళ్లలో సర్వే మనిషిని కూర్చోబెట్టాక మొదట అడిగేది "మీది ఏ ఊరు", తర్వాత "ఇంటిపేరు ఏమిటి". ఆ రెండు జవాబులు అందాక వాళ్ల జవాబులు మారతాయి. మనవాడు అనిపిస్తే గొంతు తగ్గించి అసలు మాట చెబుతారు. కాదనిపిస్తే ‘చెప్పలేను’ అంటారు. అభ్యర్థి కన్నడిగుడైతే ఇక్కడ ఇంకో పొర ఉంటుంది. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలకు అది విషయమే కాదు. నిన్నమొన్న వచ్చినవాళ్లకు ‘ఆయన మనల్ని పట్టించుకోడు’ అన్న అనుమానం ఉంటుంది. అది అనుభవం నుంచి వచ్చిందా, విన్నదా అని వాళ్లకే స్పష్టంగా తెలియదు.

అందుకే అయిష్టాన్ని నేను గౌరవించమంటున్నాను గానీ, నమ్మమని చెప్పడం లేదు. ఖాతాలో తప్పు లెక్కలు కూడా పడతాయి. అవి మామూలుగా ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే మీ ఇంట్లో సంభాషణ మరోలా సాగుతుంది.

ఒకటి, అబద్ధమని తేలిపోయిన వార్త. అబద్ధమని తెలిశాక దాని ప్రభావం పోతుందని మనం అనుకుంటాం. పోదు. హోలిన్ జాన్సన్, కొలీన్ సీఫర్ట్ అనే పరిశోధకులు 1994లో ఒక గోదాములో అగ్నిప్రమాదం కథను జనానికి చదవడానికి ఇచ్చారు. మొదట ఒక అల్మరాలో రంగు డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయన్నారు. తర్వాత అది తప్పు, అల్మరా ఖాళీగా ఉందని సరిదిద్దారు. సరిదిద్దిన సంగతి గుర్తున్నవాళ్లు కూడా, పొగ అంత నల్లగా ఎందుకు వచ్చిందంటే రంగుల వల్లేనన్నారు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో ఇది రోజూ జరుగుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తనకు గిట్టని అభ్యర్థి గురించి నాతో, ఆ వీడియో కత్తిరించి పెట్టిందని తనకు తెలుసని, అసలు వీడియో కూడా చూశానని చెప్పాడు. "అయినా ఎందుకో మనసు రాదు" అన్నాడు. ఆ ‘ఎందుకో’ వెనక ఉన్నది ఆ వీడియోయే. దాన్ని ఆయన బుద్ధి కొట్టేసింది, మొత్తం నుంచి మాత్రం తీసివేయలేదు.

రెండోది ఆడవాళ్లు అభ్యర్థులుగా నిలబడినప్పుడు తలెత్తుతుంది, దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. టైలర్ ఒకిమోటో, విక్టోరియా బ్రెస్కోల్ 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే కల్పిత సెనెటర్ వివరాలను కొందరికి మగ పేరుతో, కొందరికి ఆడ పేరుతో ఇచ్చారు. అధికారం కావాలన్న పట్టుదల గల మనిషి అని రాసినప్పుడు మగ అభ్యర్థికి నష్టం జరగలేదు. ఆడ అభ్యర్థికి ఓటేస్తామన్న మొగ్గు తగ్గింది, ఆమె పట్ల చిరాకు, తిరస్కారం పెరిగాయి. అలా చదివినవాళ్లను అడిగితే ‘ఆమె ఆడమనిషి కాబట్టి’ అని ఎవరు చెబుతారు? ‘ఆమె తీరు నచ్చలేదు’ అంటారు. హిల్లరీ క్లింటన్ అమెరికా విదేశాంగ మంత్రిగా ఉన్న రోజుల్లో గ్యాలప్ అనే సంస్థ సర్వేల్లో ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరు ఆమె పట్ల సుముఖంగా ఉండేవారు. అధ్యక్ష పదవికి పోటీ చేసిన 2016 నాటికి సగానికి పైగా విముఖులయ్యారు. మధ్యలో ఈమెయిళ్ల వివాదం లాంటివి జరిగాయి, వాటి పాత్ర వాటికి ఉంది. పదవిలో పనిచేస్తున్న స్త్రీని ఒప్పుకున్న జనమే, పదవి కావాలని అడుగుతున్న స్త్రీని ఒప్పుకోలేకపోవడం కూడా అందులో ఉందని నా నమ్మకం.

మన ఊళ్లోనూ అంతే. 2015 ఆగస్టులో జరిగిన బెంగళూరు మహానగర పాలికె ఎన్నికల్లో 198 వార్డుల్లో సగం మహిళలకు కేటాయించారు. ఆ ఎన్నికల్లో తెలుగిళ్లలో తరచూ విన్న మాట "ఆమె మాటతీరు బాగాలేదు". అప్పుడు మేము అడిగే ప్రశ్న ఒకటుంది: ఇదే మాట ఇదే గొంతుతో ఆమె భర్త అంటే ఎలా ఉండేది? చాలామంది కొంచెంసేపు ఆగేవారు. ఒకాయన నిజాయితీగా "గట్టిమనిషి అనుకునేవాణ్ణి" అన్నాడు. ఆ పాలికె గడువు 2020 సెప్టెంబరులో ముగిశాక ఏళ్ల తరబడి ఈ నగరానికి ఎన్నికైన కార్పొరేటర్లే లేరు. స్థానిక నాయకుణ్ణి దగ్గర నుంచి చూసి అంచనా వేసే అవకాశం అలా పోయింది. దగ్గరగా చూసే వీలు లేనప్పుడు ఫ్లెక్సీల్లో మొహాలు, ఫోనులో వీడియోలే ఖాతాను నింపుతాయి.

మొహం మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. జాన్ అంటోనాకిస్, ఓలాఫ్ డల్గాస్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో స్విట్జర్లాండులోని 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు, ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లో పోటీపడిన ఇద్దరేసి అభ్యర్థుల ఫోటోలు చూపించి, ఓడ ప్రయాణానికి కెప్టెన్‌గా ఎవరిని ఎంచుకుంటారని అడిగారు. పిల్లల ఎంపిక చూసి నిజమైన విజేతను సుమారు 70 శాతం సార్లు చెప్పగలిగారు. మీ మామగారి అయిష్టం ఆ అభ్యర్థి కనుబొమల నుంచి వచ్చినా ఆశ్చర్యం లేదు, మీ ఇష్టం కూడా అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు.

ఇప్పుడు ఎలా అడగాలో చెబుతాను. ‘ఎందుకు’ అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. అది వినగానే మనిషి సంజాయిషీ చెప్పుకునే స్థితిలో పడతాడు. ‘ఎప్పటి నుంచి’ అని అడగండి. కాలం అడిగితే మనసు సంఘటనల వైపు వెళుతుంది. కారణం అడిగితే వాదనల వైపు వెళుతుంది. తర్వాత, ఆ అభ్యర్థి గురించి మొదట ఎవరి నోట విన్నారని అడగండి. తమ్ముడి నోటనా, పాత సహోద్యోగుల గ్రూపులోనా, తానే చూశారా అన్నది తెలిస్తే, ఆ అయిష్టం ఆయన సొంతమా, మరొకరి నుంచి వచ్చిందా అన్నది ఆయనకే కనిపిస్తుంది. దీన్ని మీరు ఆయనకు చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా. మూడో ప్రశ్న: ఆ అభ్యర్థి మాట్లాడుతున్నప్పుడు ఏ మాట దగ్గర చిరాకు వస్తుంది? మనిషి మొత్తం మీద అడిగితే తోచదు గానీ, ఒక మాట, ఒక చేష్ట అయితే గుర్తొస్తుంది. ఆ మీదట, తొందరపడకుండా, ఆ అభ్యర్థి ఏం చేస్తే మీకు కాస్త నయమనిపిస్తుంది అని అడగండి. దానికి ఏదైనా ఒక జవాబు వస్తే ఆ అయిష్టం కదిలేదే. ‘ఏం చేసినా వద్దు’ అంటే లోపల ఉన్నది అభ్యర్థి మీద అభిప్రాయం కాదు, అతని పార్టీ మీదో, వర్గం మీదో ఉన్న నిశ్చయం. అప్పుడు అభ్యర్థి చేసిన పనుల గురించి ఎంత చెప్పినా మీ శ్రమ వృథా.

జవాబు వచ్చాక మౌనంగా ఉండడం అన్నిటికన్నా కష్టం. మా కుర్రవాళ్లకు రెండో మాట మాట్లాడకుండా ఉండడం నేర్పడానికే చాలా సమయం పడుతుంది. పెద్దవాళ్లు ఒక మాట చెప్పి ఆగుతారు. ఎదుటివాళ్లు ఖండించలేదని తేలాక అసలు సంగతి చెబుతారు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1952 నుంచి అమెరికా ఓటర్లను, ఫలానా అభ్యర్థిలో ఓటేయాలనిపించేది ఏమిటి, వద్దనిపించేది ఏమిటి అని విడివిడిగా అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ వస్తున్నారు. స్టాన్లీ కెలీ, థాడ్ మిరర్ 1974లో ఆ జవాబులను పరిశీలించి, ఇష్టాల సంఖ్యలోంచి అయిష్టాల సంఖ్య తీసేస్తే చాలు, చాలామంది ఓటు ఎటో చెప్పేయవచ్చని చూపించారు. దాని నుంచి మీకు పనికొచ్చేది ఒకటుంది: అయిష్టం గురించి మాత్రమే అడగకండి. ఆ అభ్యర్థిలో పరవాలేదనిపించేది ఏమైనా ఉందా అని కూడా అడగండి. అలాగే తనకు నచ్చిన అభ్యర్థిలో నచ్చనిది చెప్పమనండి. ముందు మీరు చెప్పండి, మీకు ఇష్టమైన అభ్యర్థిలో మీకు నచ్చనివి. మీరు చెప్పలేకపోతే ఆయన్ని అడిగే హక్కు మీకు లేదు.

ఇక విలువ సంగతి. మన చట్టం ఓటరును కారణం అడగదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటేశావో చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఎవరికీ వేయనన్నవాళ్లు ఒకప్పుడు పోలింగ్ అధికారికి ఆ సంగతి చెప్పి రిజిస్టరులో రాయించుకోవాల్సి వచ్చేది, దాంతో రహస్యం పోయేది. సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న ఆ పద్ధతి తప్పని తేల్చి, ‘పైవారెవరూ కాదు’ అన్న బటన్ పెట్టించింది. అందరినీ తిరస్కరించే ఓటరు కూడా ఎందుకో చెప్పనక్కర్లేదు. కారణం చెప్పమని కోర్టు అడిగింది పార్టీలను. 2020 ఫిబ్రవరి 13 నాటి ఆదేశం ప్రకారం, క్రిమినల్ కేసులున్నవాళ్లకు టికెట్ ఇస్తే, ఎందుకిచ్చారో, కేసులు లేనివాళ్లను ఎందుకు ఎంచుకోలేదో పార్టీ బహిరంగంగా చెప్పాలి. గెలుస్తాడన్న ఒక్క మాట సరిపోదు. మీ మామగారి మీద చూపిస్తున్న పట్టుదల ఆ వివరణలు చదవడం మీద చూపిస్తే నాకు సంతోషం.

ఆయనతో కలిసి మీరు చేయదగ్గ పని ఒకటుంది. అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థులు నామినేషన్‌తోపాటు ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇస్తారు. కేసులు, ఆస్తులు, అప్పులు, ఆదాయం, చదువు అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీకు నచ్చిన అభ్యర్థిది, ఆయనకు నచ్చిన అభ్యర్థిది, రెండూ ప్రింటు తీసి ఆయనకే ఇచ్చి చదివి వినిపించమనండి. ఉపాధ్యాయుడు కదా, కాగితం చేతిలో పెడితే ఆయన కళ్లు వేరే రకంగా పనిచేస్తాయి. చదివాక కూడా ‘గిట్టదు’ అంటే వదిలేయండి. అది ఆయన ఓటు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఆయన పేరు ఏ జాబితాలో ఉందో చూశారా? అనంతపురంలోనే ఉంటే, ఇక్కడి చిరునామాకు మార్చడానికి ఫారం 8 ఇవ్వాలి, రెండు చోట్లా ఉంచుకోవడం చట్టం ఒప్పుకోదు. 2024 ఏప్రిల్ 26న బెంగళూరు ఉత్తర, మధ్య, దక్షిణ లోక్‌సభ నియోజకవర్గాల్లో పోలింగ్ 53 నుంచి 55 శాతం మధ్యే ఆగిపోయింది. ఓటు ఊళ్లో ఉంచుకుని ఇక్కడి అభ్యర్థుల మీద వాదించుకునే తెలుగిళ్లు నాకు చాలా తెలుసు. ఆయన ఆధార్‌లో చిరునామా మారిందో లేదో ముందు చూసి, ఈ వారమే ఆ దరఖాస్తు పెట్టించండి.